మూడు సున్నాల గోడ

చింబోటేలో గాలికి కూడా పొలుసులుంటాయి.
చేపల్ని ఉడికించి, ఎండబెట్టి, పిండి కొట్టే ఊరు మాది.
"ఆట మీకు కొట్టిన పిండి కావాలంటే
ముందు మీరు పిండి కావాలి"
అనేది దొమితిలా,
డబ్బాల ఫ్యాక్టరీ ఏప్రాన్ ఇంకా విప్పకుండానే
ముక్కు చీదుకుంటూ.

ఫ్యాక్టరీ వెనక గోడ మీద
ఎన్నికల వాళ్ళు ఎర్రరంగుతో రాసిపోయిన పేరు: ఒరోస్కో.
మా లిపిలో ఆ పేరుకి మూడు గుండ్రాలు.
మూడో తరగతిలో బడి మానేసిన మా కోచ్
వాటిని సున్నాలనేది.

"మొదటి సున్నా ముంజేతులకి.
నడిమిది వేళ్ళకి.
చివరిది, పైపు పక్కది, స్మాష్‌కి.
పైపుకి తగిలిందా, మళ్ళీ ఒకటి నుంచి."

చివరి సున్నాకి ముందు ఇంకో అక్షరముంది,
ఎవరో కొరికి వదిలేసిన సున్నాలా.
నా బంతులు చాలావరకు దాని నోట్లోకే.

రోజుకి మూడు వందలు.
మొదటి వారం చేతులు కందిపోయాయి.
రెండో వారం చుక్కలు చుక్కలుగా నీలం.
మూడో వారం నుంచి అమ్మ అడగడం మానేసింది.
"బంతిని కొట్టకు నేలిదా,
దాని కిందికి వెళ్ళు.
లేపాల్సింది మోకాళ్ళు. చేతులు ఉత్త పళ్ళెం."

ఒక సాయంత్రం నూట నలభై దగ్గర
నేను మెల్లగా నూట యాభైకి దూకాను.
అటు తిరిగి, తెగిన వలకి ముడులు వేస్తున్న దొమితిలా
తల ఎత్తకుండా అంది:
"నూట నలభై ఒకటి."
చప్పుళ్ళని లెక్కపెడుతోంది మనిషి.

జూన్ వచ్చింది. సముద్రం మీంచి సన్నటి తుంపర,
వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు.
కోయిష్కో అమ్మాయిలతో పోటీ.
వాళ్ళ సర్వ్ వచ్చింది, కిందికి వెళ్ళాను,
మోకాళ్ళు లేపాయి,
బంతి ఎగిరి
సరిగ్గా సున్నాలో పడింది.
అక్కడ సున్నాయే ఉంది.
ఎవుఫేమియా లేదు.
తెల్లవారుజామున నాలుగింటి నుంచి
చేపలు కోసే బల్ల ముందు నిలబడిన కాళ్ళు
రెండడుగుల అవతలే ఆగిపోయాయి.
అలా పదకొండు సార్లు.
పదకొండూ నావే, తప్పులేని పాస్‌లు.

ఆ ఆదివారమే ఒరోస్కో కూడా ఓడిపోయాడు.
మర్నాడు గోడకి సున్నం కొట్టేశారు.

నేను తెల్లగోడ ముందు నిలబడి
సున్నాలు ఎక్కడుండేవో గుర్తు చేసుకుంటున్నాను.
దొమితిలా నా భుజాలు పట్టి ఇటు తిప్పింది.
ఎదురుగా ఎవుఫేమియా, ఒక చెప్పు విప్పి, పాదం రుద్దుకుంటూ.
"ఇక ఇదే నీ గోడ."
"నేను కదులుతాను మరి,"
నవ్వింది ఎవుఫేమియా.

పాస్, లేపు, కొట్టు. పాస్, లేపు, కొట్టు.
గోడ నేనిచ్చిందే ఇచ్చేది.
ఈమె అలా కాదు.
నిద్ర చాలని రోజు బంతి పొట్టిగా వస్తుంది,
ఓవర్‌టైమ్ డబ్బులందిన రోజు తలమీంచి పోతుంది.
బంతిని చూడడం తగ్గించి
ఆమె పాదాల్ని చూడడం మొదలుపెట్టాను.
ఎడమ మోకాలు మొండికేసే ముందు
కుడి కనుబొమ ముడిపడుతుంది.
అప్పుడు అరడుగు ఇటు వేయాలి.
అంతే, అరడుగు.
దీన్ని ఏ గోడ మీదా రాయలేం.

వీధి దీపం వెలిగింది.
"ఎంతయింది?" అంది దొమితిలా, అటు తిరిగే.
ఎవుఫేమియా నా వైపు చూసింది. నేను ఆమె వైపు.
వందా? రెండొందలా?
బంతి ఇంకా గాల్లోనే ఉంది.
ముడి వేస్తున్న వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.
"నేనూ మర్చిపోయాను," అంది దొమితిలా.
"సరే. ఒకటి నుంచి."