రెండు లాడాలు

మార్చి నెల. యార్డు నిండి
టిక్కీలు రోడ్డు మీదికొచ్చాయి.
లాలాపేటలో నా అద్దెగదికీ వస్తుంది ఘాటు,
కిటికీ మూసినా, తడిగుడ్డ కుక్కినా.

తెర మీద నేను తిప్పుతున్న బొమ్మని
మస్తాన్‌బీ గుమ్మంలోంచి చూసింది.
పొద్దుట్నుంచీ తొడిమలు తీసిన వేళ్లు
కొబ్బరినూనెలో తడుపుకుని, గాలికి చాపి.
"అదేంది పంతులమ్మా, లాడమా?"

లాడమే.
క్లాసులో ఇంకేదో పేరు చెప్తాను,
పిల్లలు దాన్ని పరీక్షదాకా మోసి దించేస్తారు.
కణం పొర మీంచి బయటికి వంగి ఉంటుంది.
లోపలి వంపున పట్టీలు, గాజుల వరసలా,
ప్రతి మలుపులోనూ అదే ల్యూసిన్
నీళ్లంటే గిట్టక లోపలికి తిరిగి.

ఒంటి లాడం ఏమీ చెయ్యదు.
నువ్వు గోతం దులుపుతావు.
ఎప్పుడో చచ్చిన బాక్టీరియా తోలుముక్క
దుమ్ముతో పాటు ఊపిరిలోకి జారి
లాడం పక్కనున్న చిన్న గిన్నెలో
తన కొవ్వుతోకలు ఐదు దోపుకుంటుంది.
ఆరోది పట్టదు.
బయట మిగిలిన ఆ ఆరో తోకే
రెండో లాడాన్ని దగ్గరికి లాగుతుంది.
పొర లోపల వాటి కాళ్లు తగులుకుంటాయి.
అంతే. మంట.

"మిరపదా?"
కాదు, మిరపది వేరే తలుపు.
అది నీ వేళ్లది, ఇది నీ దగ్గుది.
రెంటికీ మనకున్నది ఒక్క మాటే.

ఆవిడ వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చింది.
వాళ్ల అబ్బ జాన్‌సైదా
జట్కా గుర్రాలకి లాడాలు కొట్టేవాడట.
ఆటోలొచ్చాక మిగిలింది ఇదొకటి,
ఒక పక్క అరిగిపోయి.

"బిగువు చాలకపోతే దారిలో ఊడిద్ది.
మేకు ఒక్క నూలు ఎక్కువ దిగిందా
గుర్రం ఇంక కాలు కింద పెట్టదు.
ఎక్కడ ఆపాల్నో మా అబ్బ చేతికి తెలుసు."

ఎక్కడ ఆపాలో.
పదకొండేళ్లుగా నేను చదువుతున్నది అదే,
ఒక్క మేకు గురించి.

లాడాన్ని నా తెరకి ఆనించి చూసింది.
వంపు కలవలేదు, నాది కాస్త మెలి తిరిగి ఉంది.
"నీ గుర్రం కుంటిదమ్మా" అని నవ్వబోయి
దగ్గింది.

రేపు మూతికి గుడ్డన్నా కట్టుకో అన్నాను.
"కిలోకింతని లెక్క. గుడ్డ సర్దుకుంటా కూర్చుంటే
పక్కదాని కుప్ప పెరగదూ!"

డబ్బా మరిచిపోయి వెళ్లింది.
లైటు తీశాక గోడ అవతల మొదలైంది.
ఒకటి. కాసేపు ఏమీ లేదు.
తర్వాత వరసగా.