బల్ల గ్లాసులు

రేపు క్రిస్మస్.
మర్రిగూడ చర్చి వెనక గచ్చు మీద కూసోని
బల్ల గ్లాసులు కడుగుతున్న.
వేలెడంత గ్లాసులు. ఎలీషా పాస్టరుగారు వచ్చిన ఏడు
డెబ్బై రెండు కొన్నరు.
ఇప్పుడు యాభై ఎనిమిది.

పగిలినయి పగిలినయి.
మనుషులు పోయినా గ్లాసు మిగిలినవీ ఉన్నయి.
రాహేలక్క తాగింది ఏదో చెప్పలేను,
అన్నీ ఒక్క తీరే గదా.
అందుకే ప్రతిదాన్నీ రెండుసార్లు తొలుస్త.

ఇదివరకు ఎంత రుద్దినా
అడుగున తెల్ల మరక పొయ్యేది కాదు.
బోరునీళ్ళ మరక.
పండ్లను గార పట్టించి, ఎముకల్లకు దిగి,
మా దీవెనమ్మ నాయినను
నలభై ఏండ్లకే కట్టెలెక్క బిగిపించింది.
అందరూ మోకాళ్ళూనితే ఆయన
గోడ పట్టుకుని నిలబడేటోడు.
"నాకు వంగరాదు ప్రభువా,
నువ్వే జర కిందికి రా" అని నవ్వేటోడు.

గుళ్ళె పరాష్కాలేందని కసిరిన అప్పుడు.
ఎన్ని క్రిస్మస్‌లు పోయినంక తెలిసింది,
పండుగంతా ఆ ఒక్క మాటేనని.

ఇయ్యాల నల్లా తిప్పితే కృష్ణ నీళ్ళు.
గ్లాసు ఎత్తి బల్బుకు పట్టి చూస్తే
అవతల మనుమరాలు షారోను,
వెదురు నక్షత్రానికి ఎర్ర కాయితం అంటిస్తా
పండ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్నది.
తెల్లటి పండ్లు.

స్తోత్రం అనబోతే గొంతుకు అడ్డం పడ్డది:
ఈ నీళ్ళు ఇంకో పదేండ్లు ముందు రావద్దా?
అడిగేసిన.
అడిగినంక స్తోత్రం కూడా చెప్పిన.
రెండూ ఇన్నడనుకుంట.

పళ్ళెంల యాభై ఎనిమిదీ బోర్లించిన.
మిగిలిన పద్నాలుగు గూళ్ళు
కొంగుతోని తుడిచిన.