బెల్టు తెగిన శుక్రవారం

రెండొందల పన్నెండు మంది.
రసీదు వెనక వాళ్ళే రాసిచ్చిన అడ్రసులు.
గ్రిమ్స్‌బీలో, చేపల వాసన అంటిన కోట్లకు
జిప్పులు మార్చే కొట్టు నాది.

ప్రతి శుక్రవారం ఈమెయిల్:
"ఇరవై శాతం తగ్గింపు! త్వరపడండి!"
తెరిచినవాళ్ళు తొమ్మిదిమంది,
అందులో నేనొకదాన్ని.

మొన్న మిషను బెల్టు తెగింది.
విసుగులో, సబ్జెక్టు కూడా పెట్టకుండా అందరికీ కొట్టాను:
"సోమవారం దాకా కుట్టు లేదు.
డోరీన్ గారూ, మీ ఆయన కోటు
మీ కొలతకి సగమే తగ్గించాను.
జేబులో పిప్పరమెంటు అలాగే ఉంచాను."

సాయంత్రానికి ముప్పైఏడు జవాబులు.
పాత బెల్టు ఉందని ఒకరు,
పెళ్ళి గౌనుందని ఒకరు,
ఏం పిప్పరమెంటని మిగతావాళ్ళు.

డోరీన్ మాత్రం
లిస్టులోంచి పేరు తీసేసుకుంది.

సోమవారం తలుపు తీస్తే
వానలో ఆమే మొదట.
ఒక చెయ్యి పొడుగున్న కోటు తొడుక్కుని
మాట్లాడకుండా
జేబులో వెతుక్కుంది.