ఏకాండి ఇంట్లో అతుకు

మా ఇంట్లో అతుకు అన్నది తిట్టు.
ఒక్క పనస మొద్దు. అందులోంచే కుండ, అందులోంచే దండి,
చివరి యాళి మొహం కూడా అందులోంచే.
ఎక్కడా చెక్కకి చెక్క తగలకూడదు.
తాత సూరాచారి ఎవరి వీణనైనా తిరగేసి
మెడ దగ్గర గోరుతో గీకి చూసేవాడు.
గోరు ఆగిందా, అయిపోయింది.
"అతుకుల బొంత" అని పక్కన పెట్టేసేవాడు.
మనుషుల్నీ అంతే.

ఇప్పుడు బొబ్బిలి చుట్టుపక్కల
కౌగిలికి అందనంత పనస లేదు.
నాకు దొరికేవి
భోగాపురం ఇసకలో నాలుగేళ్లు పెరిగిన
మోచేతి లావు సరుగుడు దుంగలు,
పాత రైసుమిల్లు విప్పితే వచ్చిన టేకు ముక్కలు,
మూరెడు, జానెడు, మేకుల చిల్లులతో సహా.

వీటితో రామభద్రపురం కూరగాయల సంతకి
ఇరవై రెండడుగుల వెడల్పు కప్పు వెయ్యాలి.
నడిమధ్య స్తంభం ఉండకూడదు, వంకాయల లారీ తిరగాలట.
ఇనుము వద్దు. జిగురు వద్దు.
రేపు రోడ్డు వెడల్పు చేస్తామంటే
విప్పుకుని, లారీకెత్తుకుని,
ఇంకో ఊళ్లో నిలబెట్టుకునేలా ఉండాలి.
విడిపోవడం కూడా తెలిసిన అతుకు కావాలి.

రాత్రి ల్యాప్‌టాప్ మీద
ఒక కుసిని ఎడమకి తిప్పుతాను, కుడికి తిప్పుతాను.
దాన్ని చూసి దాని బెజ్జం తనంతట తనే నోరు తెరుస్తుంది.
ఒక్క కోణం మారిస్తే మిగతా నలభై ఏడూ
బస్సులో సీటు సర్దుకునే ఆడవాళ్లలా
ఒకదాన్ని చూసి ఒకటి జరుగుతాయి.
అబద్ధమైనా అతికినట్టుండాలంటారు.
తెర మీద అబద్ధం మరీ బాగా అతుకుతుంది.

తేమ అని ఒక గడి ఉంది. పన్నెండు శాతం అని నింపేను.
శ్రావణంలో మా వీధి తలుపు ఎందుకు పట్టేస్తుందో
ఆ పన్నెండుకి తెలీదు.
ప్రతి బెజ్జంలో ఓ పిసరు, పావు మిల్లీమీటరు, ఖాళీ వదిలి
ఇంగ్లీషు అక్షరాల్లో దానికి శ్రావణం అని పేరు పెట్టేను.
మిషను నడిపే దాలినాయుడు అది చదివి
"ఈ శ్రావణమ్మెవరండీ?" అన్నాడు.

మిషను ఉలిలా కొట్టదు.
బొంగరంలా తిరుగుతూ దిగి చెక్కని తినుకుంటూ పోతుంది.
దానికి మూలలు రావు.
మూల దగ్గరికొచ్చేసరికి గుండ్రంగా తిరిగిపోతుంది,
అప్పు సంగతి ఎత్తగానే మాట మార్చే బంధువులా.
మొదట కోపమొచ్చింది.
తరవాత కుసి మూలల్నే గుండ్రం చేసేసేను.
తాతయితే ఉలి పట్టుకుని అన్నీ తిన్నగా చెక్కుండును.
నాకున్నవి నూట తొంభై రెండు మూలలు, పదకొండు రోజులు.

చూస్తానన్నాడు. వచ్చేడు.
రెండు కళ్లలోనూ శుక్లాలు. చూడలేదు, విన్నాడు.
పనస మొద్దులో కుండ మందం కనుక్కునేటప్పటిలాగే
మడిచిన వేలితో ఒక్కో అతుకునీ తట్టుకుంటూ,
చెవి ఆనించుకుంటూ.
పదహారు దాటేయి.
పదిహేడో దగ్గర ఆగేడు.
"ఇది వదులే గుంటా. బొదబొదలాడతంది."

విప్పేం.
పదిహేడో దాంట్లో కాగితమైనా దూరేంత సందు లేదు.
నవ్వు ఆపుకోలేక దాలినాయుడు టీకని బయటికెళ్లేడు.
నాకు మనసొప్పక పక్కది విప్పేను.
పద్దెనిమిదిలో గోరు దిగేటంత ఖాళీ.
బిట్టు మొన అరిగిపోయింది, ఎవరం చూసుకోలేదు.

చెప్పేను ఆయనకి, ఒకటి పక్కకి తప్పేవని.
"తప్పదేటి మరి.
సప్పుడు నడిసొచ్చీదే కదా, సెక్కలోంచి సెక్కలోకి"
అన్నాడు.
అని, తన మాట ఎవరో అన్నట్టు విని
చాలాసేపు ఏం మాటాడలేదు.

వెళ్లబోతూ వాసం మీద గోరు పెట్టి
సరుగుడులోంచి టేకులోకి మెల్లిగా గీకేడు.
ఆగిందో లేదో చూళ్లేదు నేను.
కొత్త బిట్టు కోసం పెట్టె తిరగేస్తున్నాను.