వన్స్‌మోర్ ఖాతా

కందుకూరులో, పొగాకు కంపెనీ వెనక సందులో
శ్రీ మాల్యాద్రి నాట్యమందిరం అని బోర్డు.
ఊరంతా అనేది మాత్రం రేకుల కొట్టం.

పదకొండేళ్ళు టిక్కెట్ల కిటికీలో కూర్చున్నా.
కిటికీ అంటే గోడకి జానెడు బెజ్జం.
మనుషులు కనపడరు, చేతులే లోపలికొస్తాయి.
ఆకు గ్రేడింగు చేసే ఆడాళ్ళ చేతులు,
ఎంత కడిగినా వదలని జిగట.
వాళ్ళిచ్చిన రూపాయి నోటు నా వేళ్ళకి అంటుకుని
గల్లాపెట్టెలోకి దిగనంటది.
శనివారం కూలి, శనివారమే ఆట.
మా పంచాంగం అంతే.

నేల ముప్పావలా, బెంచీ రూపాయిన్నర, కుర్చీ మూడు.
కుర్చీలు నలభై, అందులో పన్నెండు పాసులు:
స్టేషనుకి నాలుగు, కరెంటాఫీసుకి రెండు,
వినోదపు పన్ను ఆయనకి రెండు, ఆయన బామ్మర్దికి ఒకటి,
మిగతావి మొహమాటం లేని వాళ్ళకి.
చంకలో బిడ్డకి టిక్కెట్టు లేదు.
పన్నెండేళ్ళ బిడ్డలు కూడా చంకనెక్కి
కాళ్ళు నేలమీద ఈడుస్తా పోతుంటే
“బాగా ఎదిగిందే తల్లీ” అని వదిలేసేవాడు
గేటు కాడ హజరత్తయ్య.

రాజు వేషానికి ఇద్దరు.
కొలువులో రాజు నెల్లూరోడు, అడవిలో రాజు తెనాలోడు.
జనం వచ్చేది అడవి రాగానికి గనక
రాజ్యం పోయినాకే రాజుకి రేటెక్కువ.
సగం మొహానికి రంగేసుకుని ఆపేవాడు,
రెండో సగం, బాకీ చేతిలో పడ్డాకే.
తెర మార్చే లోపల కోటయ్య మిమిక్రీ: కోడి, రైలు, తాసీల్దారు.
హార్మనీ ఖాదరు బాషా ఏదీ అడగడు.
అందుకే ఆయన బాకీ మూడు పేజీలు.

మా యజమాని చెంచురామయ్యకి పడని మాట ఒక్కటే:
వన్స్‌మోర్.
“దానికి టిక్కెట్టుందా?” అనేవాడు.
పద్యం మళ్ళీ పాడితే పావుగంట,
నాలుగు పెట్రోమాక్సులకి కిరసనాయిలు,
పన్నెండు దాటితే వంటమనిషికి పైకూలి,
తెల్లారుజాము బస్సు తప్పితే బృందానికి ఇంకో పూట కూడు.
అన్నీ కూడి, తీసి,
ఒక వన్స్‌మోర్ నాలుగు రూపాయల పది పైసలని తేల్చి
లెడ్జర్లో విడిగా ఖాతా తెరిపించాడు.
చప్పట్లకి ఖర్చు రాసిన గుమాస్తా
ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటా.

ఆ ఏడు పొగాకు కొన్నోడు లేడు.
గ్రేడింగు లేదు, బెజ్జంలోకి చేతులు రాలేదు.
కార్తీకం ముసురు. ఆ శనివారం
అమ్మింది పదిహేడు, అన్నీ నేలే.
పన్నెండు రూపాయల డెబ్భై అయిదు పైసలు.
నలభైకి తగ్గితే డబ్బులు తిరిగిచ్చెయ్యటం మా రూలు.
బృందమేమో అడ్వాన్సు తిని కూర్చుంది.
ఆడినా పోద్ది, ఆపినా పోద్ది.
“ఆడమను” అన్నాడు చెంచురామయ్య,
అమ్ముడుపోని ఆకు దాచేదానికి
కొట్టాన్ని గోడౌనుగా మాట్లాడి అప్పుడే వచ్చి.

రేకులమీద వాన. మాట వినపడక
పదిహేడు మందీ స్టేజీ అంచుని ఆనుకున్నారు.
అమ్మేదేం లేక నేనూ కిటికీ మూసి లోపలికి పోయా.
ఇన్నేళ్ళకి అడవి రాజుని కళ్ళారా చూశా:
ఒంటిమీద గోనెపట్టా,
కాళ్ళకి మాత్రం కొత్త తోలు చెప్పులు.
రాగం ఎత్తాడు.
ఖాదరు బాషా కళ్ళు మూసుకుని వెంట పోయాడు.
వాన ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు.

అయిపోయింది. ఎవరూ కదల్లేదు.
వెనక, ఖాళీ కుర్చీల చీకట్లోంచి
ఒకే గొంతు: “వన్స్‌మోర్.”
ఆ గొంతు నాకు తెలుసు,
నెలనెలా నా జీతం కోసేది అదే.
మూడుసార్లు అన్నాడు.

పొద్దున లెడ్జరు తెరిచి
“రాత్రిది ఎవరి పద్దులో రాసేది?” అంటే
గొడుగు వెతుక్కుంటా ఉన్నాడు, వినపడనట్టు.
పన్నెండు రూపాయల ముప్పై పైసలు.
‘యజమాని సొంత వాడకం’ అని రాసి గీత కొట్టా.

వసూల్లోంచి అది పోను మిగిలింది
నలభై అయిదు పైసలు.
ఖాదరు బాషాకి టీ తాగించా.
అదెక్కడా రాయలేదు.