కుట్టులో దాచిన అంగుళం

రుస్తెమ్ మళ్ళీ ప్యాంటు పంపాడు.
అదే గోధుమరంగుది.
కిందనుంచే బుట్టలో పడేసి
"ఉతికితే కుదించుకుపోయింది ఫెహిమె అక్కా,
రెండు వేళ్ళు వదులు చెయ్యి" అని కేకేశాడు.
వీధంతా విన్నది.
నేను కాదనలేదు.
ట్రాబ్జోన్ నీళ్ళకి ఆ మహిమ ఉందని
ముప్పై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను.

మంచి ప్యాంటుకి నడుము వెనక
అంగుళమో, అంగుళంన్నరో
గుడ్డ మడిచి లోపల దాస్తారు.
కొత్తగా కుట్టినప్పుడే
తొడుక్కునేవాడి రాబోయే రోజుల్ని
దర్జీ ఒకసారి చూసి పెట్టుకుంటాడన్నమాట.
బ్లేడుతో దారం తెంపుకుంటూ పోతే
ఎండ చూడని ఆ గుడ్డ
కొన్ననాటి రంగులో బయటికొస్తుంది.
బయటిది మాత్రం డ్రైవరు సీటుకి రాసుకుని రాసుకుని
అద్దంలా మెరుస్తుంటుంది.

మినీబస్సు అతనిది. కూర్చుని సంపాదన.
ట్రిప్పు ట్రిప్పుకీ ఒక టీ,
టీకి రెండు చక్కెర బిళ్ళలు.
"గ్లాసు ఇంతే కదా" అని వేలు చూపిస్తాడు.
నిజమే, వేలంత గ్లాసు.
రోజుకి పద్నాలుగు వేళ్ళు.

అతని లెక్క నాకెందుకు గానీ,
నాది నాలుగో అంతస్తు.
పొద్దున్నే కిటికీలోంచి తాడు వదుల్తాను.
కొట్టు కుర్రాడు ఇద్రిస్ రొట్టెలు పెట్టి ఈల వేస్తాడు.
లాగుతాను.
మధ్యాహ్నం మళ్ళీ.
సాయంత్రం ఆకలి లేకపోయినా
వేడి రొట్టె వాసన కిటికీ దాకా వచ్చి పిలుస్తుంది,
పిలిస్తే పలక్కపోవడం మా ఇంటా వంటా లేదు.
రోజంతా ఎక్కేదీ దిగేదీ ఆ బుట్టే.
పదేళ్ళైంది,
అది మాత్రం ఎంత నాజూగ్గా ఉందో.

మనవరాలు ఎలిఫ్ సగం తిని లేస్తుంది.
పారేస్తే పాపం.
ఆ పాపమంతా నేనే తింటాను, వెన్నతో సహా,
పళ్ళెం దగ్గర నిలబడే.
నిలబడి తిన్నది తిండి కిందికి రాదని
నాకెవరు చెప్పారో గుర్తులేదు.

రాత్రి సీరియల్ రెండున్నర గంటలు.
ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజలు.
ఆ పువ్వన్నా పొద్దుతోపాటు తిరిగింది పాపం,
నేను సోఫాలో
ఏడుపొచ్చే చోట ఒక గుప్పెడు,
పెళ్ళి కుదిరే చోట ఇంకో గుప్పెడు.
పొద్దున్న ఊడిస్తే చేటెడు పొట్టు.

మొన్న మంగళవారం తాడు తెగింది.
మూడో అంతస్తు దగ్గర.
రొట్టెలు దొర్లి దొర్లి
పార్కు చేసిన కారు కిందికి పోయాయి.
ఇద్రిస్ ఈల ఆపేసి పైకి చూశాడు.
సరే, చెప్పులు వేసుకున్నాను.
రెండో అంతస్తు దాకా బాగానే దిగాను,
అక్కడ మోకాలు
ఏదో పాత బాకీ అడిగినట్టు అడ్డం తిరిగింది.
మెట్టు మీద కూలబడ్డాను.

కింది మలుపులో ఇంకెవరిదో ఆయాసం.
రుస్తెమ్.
బుట్ట లేదని
ఎన్నాళ్ళకో మెట్లెక్కుతున్నాడు ప్యాంటు కోసం,
చొక్కా గుండీల మధ్య బనీను కనిపిస్తూ.
ఆరు మెట్ల ఎడంలో ఇద్దరం
ఒకరినొకరు చూసుకుని
మాట రాక, ఊపిరి రాక, నవ్వాం.
ఇంతలో పక్కవాటా పెరిహాన్ తలుపు తీసి
"అయ్యో కూర్చోండి కూర్చోండి" అంటూ
టీ పట్టుకొచ్చింది.
సాసర్లో రెండేసి చక్కెర బిళ్ళలు.

అతను ఒకటి వేసుకున్నాడు.
రెండోదాన్ని వేళ్ళతో తిప్పుతూ అడిగాడు,
"అయిందా అక్కా ప్యాంటు?"

అయింది.
కానీ చెప్పాల్సిందొకటుంది.
ఈసారి విప్పితే లోపలేమీ లేదు.
నాలుగుసార్లకి దాచిందంతా అయిపోయింది,
ఇక అంచే మిగిలింది.
"మరి?" అన్నాడు.
టీ తాగాను, చక్కెరతోనే,
మాట వెతుక్కోవడానికి టైము కావాలిగా.

కొత్త తాడు ఇంకా కొనలేదు.
కొనాలన్నా
దిగాలి.