ఓదెలుకు ఒక ఫుల్లు

ములుగు రోడ్డు వైన్స్ కాడ
ఇనుప జాలీకి మొఖం ఆనిచ్చి
పావుగంట సంది నిలబడ్డ.
"మంచిది కావాలె" అన్న.
"ఎంతల?" అన్నడు కౌంటరు పోరడు
సెల్లుల నుంచి తల ఎత్తకుంటనే.

మంచిది అంటే ఎంతల ఉంటదో
నాకెవడు చెప్పాలె?

మీది అరల కోటు తొడిగిన ముసలి దొర బొమ్మ,
నడిమిట్ల నెమలి,
అడుగున మేం ఎప్పుడు తాగే ఎర్ర గుర్రం.
గా గుర్రం మీద ఇరువై ఏండ్లు సవారి చేసినం
ఓదెలు, నేను, ఖదీరు.
జీతం పడ్డనాడు ఫుల్లు,
నెలాఖరుకు క్వార్టరు, మూతతోని కొలిచి.
ఎన్నడు కింద పడెయ్యలె అది.
కని ఇయ్యాల గుర్రం పనికి రాదు.

పోయిన వానకాలం ఆత్మకూరు కాడ
ఎల్సీ తీసుకున్నరనే స్తంభం ఎక్కిన.
తీసుకోలె.
తీగ నా చెయ్యి పట్టుకున్నది, ఇడువలె.
కింద నుంచి ఓదెలు
ఎండు వెదురు కట్టెతోని ఒక్కటే ఏటు.
బురదల పడ్డ.
నడుముకు బెణుకు, అరచేతికి నల్ల మచ్చ.
అంతే.

ఆ దినం సంది వానికి ఒక మాట చెప్పాలె.
నోట్లెకు అస్తది, పండ్ల కాడ ఆగుతది.
"ఏం రా, సచ్చినవా?" అని
ఫోను ఎత్తేటోళ్లం మేము.
ఇగ గసుంటి మాట యాడికెళ్లి తెద్దు?

అందుకే సీసా.
హాఫు కొంటే నా పానం సగమే అయితది.
నెమలిని కొంటే "లాటరీ తగిలిందారా" అంటడు.
దొరను కొంటే
"కిరాయి కడుతున్నవా?" అంటడు, అనేటోడే.
ఎనుక లైన్ల నుంచి ఒకడు
"అన్నా, పెండ్లిపిల్లను చూస్తున్నవా?" అన్నడు.
అందరు నవ్విండ్రు.
దొరనే కొన్న.
బిల్లు చింపి మోరీల ఏసిన.

కటాక్షపూర్ చెరువు పక్క
తుమ్మ నీడకు కూసున్నం.
ఖదీరు డబ్బల ఎర్రలు తెచ్చిండు,
తడి మన్నుల మెసులుతున్నయి.
ఓదెలు ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కారం పొట్లం,
చేప పడకముందుకే దాని మసాలా.
ఐసు యాడ దొరకలె.
సీసా మెడకు సుతిలి కట్టి నీళ్లల్ల దించిన.
ముడి నేనే ఏసిన,
ముప్పై ఏండ్లు తీగలు గుంజి కట్టిన చెయ్యి.

పొద్దు గుంకేటాళ్లకు
రెండు జెల్లలు, వేలెడంత పరక.
కొర్రమట్ట ఒకటి ఎర తిని
గాలం మా మొఖాన ఉమ్మి పోయింది.
"ఇగ తియ్యిరా" అన్నడు ఓదెలు.
సుతిలి గుంజితే
సుతిలే అచ్చింది.

అటెన్క మేము చేపల మాట ఎత్తలె.
అంగీలు ఇప్పి నడుము లోతు నీళ్లల్ల
కాళ్లతోని బురద తడుముకుంట ముగ్గురం.
"మెల్లగరా, తొక్కుతరు" అని ఖదీరు.
వాడే తామర తూడు పట్టుకొని
"దొరికింది" అని రెండుసార్లు ఒర్రిండు.
మునిగి లేచింది మాత్రం ఓదెలే.
నెత్తి మీద నాచు, చేతుల సీసా.

లేబులు లేదు.
కోటు పోయింది, దొర పోయిండు,
నేను పావుగంట చదివిన అచ్చరాలన్ని
చెరువు నాకేసింది.
బోడ సీసా, లోపట పసుపు ఎలుగు.

స్టీలు గిలాసలల్ల పోసిన.
ఓదెలు ఒక గుక్క మింగి, కండ్లు మూసి,
జర సేపు ఆగి,
"మన గుర్రమే గదరా" అన్నడు.

ఖదీరు నా దిక్కు చూసిండు.
నేను నిప్పుల మీద జెల్లను తిప్పిన.

"ముడి ఏసుడన్న నేర్చుకోరా సచ్చినోడా,
ఎన్నిసార్లు గుంజుకరావాలె నేను"
అన్నడు ఓదెలు, గిలాస నా ముంగటికి చాపి.

పోసిన.
అంచు దాటి చెయ్యి తడిసినా
ఆపలె.